కుర్చీ ఇచ్చేవాళ్లున్నారు, చక్రం ఇచ్చేవాళ్లు కావాలి

(ఒంగోలులో వర్తకులు, విశ్రాంత ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సమావేశంలో, వికలాంగుల కోసం పనిచేసే ఒక చిన్న ట్రస్టు కోశాధికారి మాట్లాడిన మాటలు. చాలావరకు మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. నేను వేదిక ఎక్కలేదని ఏమీ అనుకోకండి. మూడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి పక్కన కడ్డీ లేదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి "ఎత్తుకుని ఎక్కించమంటారా సార్" అని అడిగారు. పాపం, మంచి పిల్లలే. కానీ నాకు అరవై మూడేళ్లు. పెళ్లిలో గంపలో కూర్చోబెట్టి మోసింది కూడా మా ఆవిడనే, నన్ను కాదు. (నవ్వులు) మైకు తీగ ఇక్కడిదాకా వచ్చింది. చాలు, కిందనుంచే మాట్లాడతాను.

ఈ సంచిలో రెండు చక్రాలు తెచ్చాను. వీల్‌చైర్‌కి ముందువైపు ఉండే చిన్న చక్రాలు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ముందు వరుసలో వాళ్లు చూసి అలా వెనక్కి పంపండి. పాతదాన్ని కాస్త తిప్పి చూడండి. తిరగదు. ఇరుసు చుట్టూ వెంట్రుకలు, దారప్పోగులు, గడ్డిపరకలు చుట్టుకుని బిగిసిపోయాయి. లోపల బేరింగ్ తుప్పు పట్టింది. పల్లెటూరి వాకిట్లో తిరిగే కుర్చీకి రెండేళ్లలో ఈ గతి పడుతుంది.

ఇది పామూరు దగ్గర ఒక పల్లెలో దొరికింది. అక్కడ ఒకాయన మేకలకి మండ నరకడానికి వేపచెట్టెక్కి కొమ్మ విరిగి పడ్డాడు. నడుము కిందికి పట్టు పోయింది. ఎవరో పుణ్యాత్ములు ఒక క్యాంపులో కుర్చీ ఇచ్చారు. బ్యానరు కట్టారు, ఫొటో తీశారు. ఆ ఫొటో వాళ్లింట్లో దేవుడి పటాల పక్కనే ఉంది. నేను వెళ్లేసరికి ఆ కుర్చీ గేదెల కొట్టంలో ఉంది, దాని మీద రెండు మోపుల చొప్ప ఉంది. ఏందమ్మా ఇది అంటే, "చక్రం పోయింది నాయనా, ఈ ఊళ్లో ఎవరికీ బాగుచేయడం రాదంట" అని ఆయన భార్య చెప్పింది. ఏడాది దాటింది. ఆ ఏడాదీ ఆయన మంచంలోనే ఉన్నాడు. దుప్పటి తీసి చూపించింది. వీపు కింద, కటి ఎముక దగ్గర పడకపుండు. నా పిడికిలి పడుతుంది అందులో.

స్పర్శ లేని మనిషికి పుండు పడుతున్న సంగతి తెలియదు. మనం కూర్చున్నచోట కాస్త నొప్పెడితే పక్కకి జరుగుతాం. ఇప్పుడు ఈ హాల్లో ఎంతమంది జరిగారో నేను చూస్తూనే ఉన్నాను. (నవ్వులు) ఆయనకి నొప్పి తెలియదు కాబట్టి జరగడు. ఒకేచోట బరువు పడి, అక్కడికి రక్తం అందక, కండ చచ్చిపోతుంది. అందుకే మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలంటారు. కూలికి పోయే ఆడమనిషి రెండు గంటలకోసారి ఎక్కడినుంచి వచ్చి తిప్పుతుంది?

ఆ కుర్చీ కొన్ని వేల రూపాయలది. ఈ చక్రం ధర కొన్ని వందలే. నేను బ్యాంకులో ముప్పై ఏళ్లు క్యాషియర్‌గా చేసినవాణ్ణి, లెక్క తప్ప ఇంకేమీ తెలియదు. నాకు అర్థమైన లెక్క ఇదొక్కటే. కుర్చీకి దాత దొరుకుతాడు. చక్రానికి దొరకడు. చక్రం మీద పేరు రాయించుకోవడానికి చోటు లేదు కదా.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కనిగిరి వైపు. రెండో ఏట జ్వరం వచ్చి తగ్గింది, ఎడమ కాలు తగ్గలేదు. అప్పట్లో మా ఊళ్లో పోలియో చుక్కలంటే ఎవరికీ తెలియదు. 1995లో పల్స్ పోలియో మొదలైంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లో. 2014 మార్చిలో పోలియో పోయిందని ప్రకటించారు. ఆ రోజు టీవీలో వార్త చూస్తూ నేను అనుకున్నాను, మాదే ఆఖరి తరం, మేం వెళ్లిపోతే ఈ క్యాలిపర్లు (కాలికి కట్టే ఊత పట్టీలు), చంక కర్రల గొడవ ఉండదని.

అలా జరగలేదు. ఇప్పుడు మా దగ్గరకొచ్చేవాళ్లు వేరు. హైవే మీద బైకు ప్రమాదాలు. షుగరు ముదిరి కాలు తీసేయించుకున్నవాళ్లు. పుట్టగానే ఏడవక మెదడుకి దెబ్బతగిలిన పిల్లలు. చీమకుర్తి క్వారీల్లో రాయి కింద పడ్డవాళ్లు. మా కనిగిరి వైపైతే ఇక చెప్పక్కర్లేదు, ఫ్లోరైడు.

ఫ్లోరైడు గురించి మనవాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. ఈ జబ్బు మన దేశంలో మొదట వైద్యుల పుస్తకాలకెక్కింది మన ప్రాంతం వల్లే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయనతోపాటు మరికొందరు, నెల్లూరు జిల్లాలో నీళ్లలో ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగిసిపోతున్న మనుషుల గురించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. ప్రకాశం జిల్లా 1970లో కదా వచ్చింది. మనుషుల కంటే ముందు ఎద్దులు నడవలేకపోవడం చూసి రైతులు గుర్తుపట్టారని చెబుతారు. మా తాత కూడా అనేవాడు, "మన ఊరి నీళ్లకి ఎద్దు పదేళ్లు దున్నదురా" అని. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. బోరు ఎంత లోతుకి పోతే మా దగ్గర ఆ లెక్క అంత పెరుగుతోంది.

ఎముకల దాకా వచ్చిందంటే దానికి మందు లేదు. మెడ తిరగదు. వెనకనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. మోకాళ్లు, తుంటి బిగుసుకుపోయి కింద కూర్చోలేరు. కింద కూర్చోలేని మనిషికి పొద్దున్నే ఎదురయ్యే మొదటి కష్టం ఏంటో ఆలోచించండి. ఒక పెద్దమ్మ నాతో అంది, "రాత్రి పూట అన్నం తినడం మానేశానయ్యా, పొద్దున్నే పోనవసరం లేకుండా." అలాంటి మనిషికి కావలసింది నడుమ రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ ఒక్కటి. మందుల షాపుల్లో దొరుకుతుంది, పెద్ద ఖరీదేమీ కాదు. ఆమెకి ఇప్పించిన తర్వాత వారానికే మొహం మారింది. రాత్రి అన్నం తింటోంది.

కానీ కమోడ్ కుర్చీ మీద "ఫలానావారి జ్ఞాపకార్థం" అని రాయించుకుంటామని ఇంతవరకు ఒక్క దాత కూడా నన్ను అడగలేదు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, మా అసలు కష్టం అదే.

"పింఛను వస్తోంది కదా, మళ్లీ చందాలెందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. పూర్తిగా మంచానికో, వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి 15,000. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు. చాలా పెద్ద సాయం, నేను కాదనను. పింఛను వచ్చాక ఇళ్లల్లో మర్యాద పెరిగింది కూడా. వసారాలో ఉండే మంచం లోపలికొచ్చింది. కానీ ఆ పింఛను రావాలంటే సదరం సర్టిఫికెట్ కావాలి. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉందని డాక్టరు రాయాలి. సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకుని ఆ రోజుకి ఆసుపత్రికి చేరుకోవాలి. సి.ఎస్.పురం నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లు పైమాటే. నడవగలిగినవాడైతే బస్సెక్కుతాడు. నడుము నిలవని పిల్లాణ్ణి, పెద్దయిన పిల్లాణ్ణి, తల్లి ఒక్కతే బస్సులో ఎలా తెస్తుంది? కారు మాట్లాడుకోవాలి. ఆ కారు బాడుగ లేక సర్టిఫికెట్ రాక, సర్టిఫికెట్ లేక పింఛను రాక, పింఛను లేక కారుకి డబ్బుల్లేక... ఎక్కడ మొదలుపెట్టాలి?

2025లో సర్టిఫికెట్లు మళ్లీ పరిశీలించినప్పుడు మా ఫోను రాత్రింబవళ్లు మోగింది. దొంగ సర్టిఫికెట్లు ఏరేయాల్సిందే, నేనూ ఒప్పుకుంటాను. కానీ అసలైనవాళ్లు కూడా మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కి నిరూపించుకోవాల్సి వచ్చింది. ఆ నెలల్లో మా ట్రస్టు డబ్బంతా ఆటోలకీ కార్లకీ పోయింది. ఆడిటరు గారు లెక్కలు చూసి "ఇదేంటండీ, ట్రావెల్స్ నడుపుతున్నారా" అన్నారు. అవును, ఒకరకంగా అదే నడిపాం.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక గుర్తించిన వైకల్యాలు 7 నుంచి 21 అయ్యాయి. తలసేమియా, పార్కిన్సన్స్, ఆటిజం, ఇవన్నీ చేరాయి. ఫ్లోరోసిస్, అదే మా ఫ్లోరైడు జబ్బు, దాని పేరు మాత్రం విడిగా లేదు. కీళ్లు ఎంత బిగిశాయో కొలిచి, చలనవైకల్యం కింద రాయించుకోవాలి. మాలాంటివాళ్లం పక్కన ఉండి అడిగితే డాక్టర్లు ఓపిగ్గా చూస్తారు. ఆ పక్కన ఉండటమే మా పని. దానికి రసీదు ఉండదు, ఫొటో ఉండదు.

ఇతరుల తప్పులు చాలా చెప్పాను. మా తప్పు కూడా ఒకటి చెబుతాను, లేకపోతే రాత్రి నిద్రపట్టదు. మొదటి ఏడాది మేమూ క్యాంపు పెట్టాం. ఆసుపత్రుల్లో ఉండే రకం కుర్చీలు, అందరికీ ఒకే సైజు, టోకున కొన్నాం. ధర తక్కువ పడిందని నేనే సంబరపడ్డాను. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకి దెబ్బతగిలి ఒళ్లు పట్టు తప్పే జబ్బు, ఉన్న ఏడేళ్ల పాపకి పెద్దవాళ్ల కుర్చీ ఇచ్చాం. వాళ్లమ్మ కాళ్లకి దణ్ణం పెట్టబోయింది. ఆ పాప ఆ కుర్చీలో ఒక పక్కకి ఒరిగిపోయి, అలా ఒరిగే రెండేళ్లు కూర్చుంది. వెన్ను ఒకవైపుకి వంగిపోయింది. తర్వాత మా దగ్గర చేరిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి చూసి నన్ను పక్కకి పిలిచి చెప్పింది, "సార్, ఇది ఇవ్వకుండా ఉంటేనే బాగుండేది." ఆ మాట నేను మరిచిపోలేదు. పిల్లలకి కుర్చీ అంటే చొక్కా లాంటిది, కొలతలు తీసి చేయాలి, పెరిగేకొద్దీ మార్చాలి. క్యాలిపరూ అంతే. ఇచ్చి వచ్చేస్తే సరిపోదు.

ఆ అమ్మాయికి మేం జీతం ఇస్తాం. చందా అడిగినప్పుడల్లా మొదటి ప్రశ్న ఇదే వస్తుంది: "నేనిచ్చే వంద రూపాయల్లో వందా వాళ్లకే చేరుతుందా? జీతాలకి పోతుందా?" జీతాలకి పోతుందండీ. దాచేదేముంది? వారానికి నాలుగు రోజులు స్కూటీ మీద ఊళ్లు తిరిగి, తల్లులకి పిల్లల కాళ్లు ఎలా చాపించాలో, అన్నం ఎలా పెడితే పొరపోకుండా ఉంటుందో నేర్పేది ఆ అమ్మాయే. ఆమె పెట్రోలు, ఆమె జీతం, అదే మా సేవ. మిగిలినదంతా సామాను.

చీమకుర్తి మాట అన్నాను కదా. మన గెలాక్సీ గ్రానైట్ రాయి దేశదేశాలకి పోతుంది. అక్కడ బండ జారి మోకాలి కింద కాలు పోయిన ఒక తమ్ముడికి జైపూర్ కాలు పెట్టించాం. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, సేథీ అనే డాక్టరు కలిసి తయారుచేసిన కాలు అది. అప్పటిదాకా ఉన్న విదేశీ కాళ్లకి బూటు తొడగాలి, వాటితో గొంతుక్కూర్చోలేం. ఈ రబ్బరు పాదంతో ఒట్టికాళ్లతో నడవొచ్చు, బురదలో దిగొచ్చు, బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. మనకోసం మనవాళ్లు చేసిన వస్తువు. ఆ కాళ్లు చేసే జైపూర్ సంస్థ వాటిని ఉచితంగానే ఇస్తుంది.

ఆ తమ్ముడు కాలు పెట్టుకుని వాచ్‌మన్ పనిలో చేరాడు. ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ చంక కర్రలతో వచ్చాడు. ఏమైందిరా అంటే, కాలు వదులైందట. ఆపరేషన్ అయిన మొదటి ఏడాది మిగిలిన మొండి కాలు వాపు తగ్గి చిక్కిపోతుంది. సాకెట్, అంటే మొండి కాలు దూర్చే తొడుగు, వదులవుతుంది. ఆయన గుడ్డ పీలికలు చుట్టి బిగించుకున్నాడు, అది ఒరుసుకుని పుండైంది. కొత్త సాకెట్ వేయించుకుంటే పోయేదానికి, మళ్లీ అంత దూరం పోయిరావడానికి నాలుగు రోజుల కూలి పోతుందని ఊరుకున్నాడు. కాలు ఉచితమే. నాలుగు రోజుల కూలి ఎవరిస్తారు? ఈ సభలో క్వారీలున్నవాళ్లు, వాళ్ల చుట్టాలు ఉన్నారని నాకు తెలుసు. పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. మీకు ఆ చట్టం వర్తించకపోవచ్చు. సరే, చట్టం లేకుండానే అడుగుతున్నాను.

పుట్టినరోజు భోజనాల గురించి చెప్పకపోతే నన్ను ఎవరూ క్షమించరు. మా పగటి కేంద్రంలో, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు వచ్చిపోయే చోట, ఒక్కో ఆదివారం ముగ్గురు దాతలు బిర్యానీ తెస్తారు. సోమవారం మరమరాలు. (నవ్వులు) పిల్లలకి కేకు తినిపించి సెల్ఫీ తీసుకోవడం మీకు సంతోషం, కాదనను. కానీ అక్కడ పదహారేళ్ల కుర్రాడొకడు కెమెరా కనబడగానే గోడవైపు తిరిగిపోతాడు. వాడికి మాటలు రావు గానీ అర్థం అన్నీ అవుతాయి. మేం ఇప్పుడు ఫొటోలు మానేశాం. దాతలు కొందరు తగ్గారు, నిజమే. తగ్గినా మళ్లీ మొదలుపెట్టే ఆలోచన లేదు.

నెల్లూరు రొట్టెల పండగకి పోయినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. స్వర్ణాల చెరువులో దిగి, పోయినేడు కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. వీళ్లకి తీరితే వచ్చే ఏడు వీళ్లు తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఎవరు హిందువో ఎవరు ముస్లిమో అక్కడ ఎవరూ అడగరు. మా ట్రస్టులో సామాను పద్ధతి అక్కడినుంచే నేర్చుకున్నాం. ఎయిర్ బెడ్, వాకర్, వీల్‌చైర్, కమోడ్ కుర్చీ, ఏదైనా సరే, అవసరం తీరాక మా దగ్గరికి తిరిగి రావాలి. కొన్ని ఇళ్లల్లో అవసరం మంచిగా తీరదు, పెద్దాయన పోతాడు. పదకొండో రోజు అయ్యాక కొడుకులు మంచం, వాకర్ ఆటోలో వేసుకొచ్చి దించుతారు. కడిగి, ఎండబెట్టి, మర వేసి ఇంకో ఇంటికి పంపుతాం. మీ ఇళ్లల్లో అటకల మీద ఉన్నవి కూడా దించండి. చచ్చినవాళ్లవి అని అనుమానం పెట్టుకోకండి. తీసుకునేవాళ్లకి ఆ అనుమానం లేదు, నేను అడిగి చూశాను.

ఇక డబ్బు సంగతి. త్వరగా ముగిస్తాను, వెనక భోజనాల వాసన వస్తోంది. మాకిచ్చే చందాకి ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చే రిజిస్ట్రేషన్ ఉంది. ఇచ్చినదానిలో సగం మీద మినహాయింపు వస్తుంది, అదీ మీ ఆదాయాన్ని బట్టి ఒక పరిమితి వరకు. కొత్త పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకి రాదు, ముందే చెబుతున్నాను, తర్వాత నా మీదికి రావద్దు. నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు లేదు, కాబట్టి చెక్కో, ఫోన్‌లోనో ఇవ్వండి. బియ్యం, బట్టలు, కుర్చీలు ఇస్తే దానికీ మినహాయింపు లేదు. మీ పాన్ నంబరు ఇస్తే ఏడాది తర్వాత దానికి చందా సర్టిఫికెట్ ఇస్తాం. అది ఇవ్వలేని సంస్థ మినహాయింపు వస్తుందని చెబితే నమ్మకండి. బస్టాండ్లో డబ్బా పట్టుకుని వికలాంగుల కోసమని అడిగేవాళ్లని కూడా రసీదు అడగండి. నిజమైనవాళ్లు నొచ్చుకోరు.

నేను ఒకేసారి పెద్ద మొత్తం అడగడం లేదు. నెలకి 200 రూపాయలు, ఏడాది పాటు, ఆగకుండా. పది వేలు ఒక్కసారి ఇచ్చే దాతకంటే నాకు ఇదే ఇష్టం. ఎందుకంటే ఆ ఫిజియో అమ్మాయికి నేను ప్రతి నెలా ఐదో తారీఖున జీతం ఇవ్వాలి, దాతలకి పుట్టినరోజులు వచ్చినప్పుడు కాదు. తలుపు దగ్గర, చెప్పుల స్టాండు పక్కన, మా అబ్బాయి రసీదు పుస్తకంతో కూర్చున్నాడు. ఇవ్వకుండా వెళ్లేవాళ్లు కూడా వాడి వైపు చూసి వెళ్లొచ్చు, వాడేమీ అనుకోడు.

ఏందన్నా? గట్టిగా చెప్పండి, వినబడటం లేదు... ఆ, "మిమ్మల్ని దివ్యాంగులనాలా, వికలాంగులనాలా, విభిన్న ప్రతిభావంతులనాలా" అని అడుగుతున్నారు. మాలోమాలో దీని మీద పెద్ద తగవే ఉంది. ఒక కుర్రాడు దివ్యాంగుడంటే మురిసిపోతాడు, ఇంకొకడు కస్సుమంటాడు. నన్నైతే మా ఊళ్లో చిన్నప్పటినుంచి ఇంకో పేరుతో పిలుస్తారు, అది మైకులో చెప్పను. (నవ్వులు) ఎదుటి మనిషి పేరు కనుక్కుని ఆ పేరుతో పిలిస్తే గొడవుండదు. ఈ హాలు వాళ్లకి మాత్రం ఒక మనవి: వచ్చేసారికి ఆ మెట్ల పక్కన కడ్డీ ఒకటి వేయించండి. నాకోసమని కాదు, ఇందాక అధ్యక్షులవారు ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకోవడం నేను చూశాను.

సరే, చక్రాలు ఎక్కడిదాకా వచ్చాయి? పాతది మీ దగ్గరే ఉంచుకున్నా పర్లేదు. కొత్తది ఎవరి దగ్గరుందో ఇలా పంపండి. అది రేపు పొద్దున్నే మొదటి బస్సులో పామూరు పోవాలి.